పడవ మీద గూడు

హుస్సేన్‌సాగరం అలుగు దాటిన నీరు అశోక్‌నగరు, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల అంచులను ఒరసికొంటూ అంబర్‌పేట వైపు సాగి మూసీనదిలో కలుస్తుంది. దానిని మనం నాలా అని పిలిచి, ఇరువైపులా గోడలు కట్టి, ముక్కు మూసుకొని వంతెన దాటిపోతున్నాము. ఇంతటి నీటిదారి ప్రక్కన కాపురం ఉన్నా నగరవాసులకు పడవతో పరిచయం బహు తక్కువ. సాగరం నడుమ ఉన్న బుద్ధ విగ్రహం దాకా ఒకసారి పోయిరావడం, సెలవు దినాలలో రాజమహేంద్రవరం చేరి గోదావరి మీద పాపికొండలు చూచి రావడం, అంతే. ఐనా ఈ రెండు ప్రయాణాలలోనూ రేవులో నిలుచున్న ప్రతి కుటుంబమూ తనకు తెలియకుండానే ఒక పాత ప్రశ్నకు సమాధానం చెప్పుతున్నది. ఎక్కడ కూర్చోవాలి? ఎండ సోకని క్రింది గదిలోనా? నాలుగు ప్రక్కల నుంచీ గాలి వచ్చే కప్పు క్రిందనా? ఆకాశం కనిపించే బయలులోనా?

గృహిణి ఎండను తలచి గది అంటుంది. పిల్లలు బయలు అంటారు. ఇంటి యజమాని టిక్కెట్టు ధర చూచి నిర్ణయిస్తాడు. పడవ కట్టేవాడు మాత్రం ఈ మూడింటి నడుమ కొన్ని శతాబ్దాలుగా తర్జనభర్జన పడుతున్నాడు. ఆ తర్జనభర్జనకు ఒక చరిత్ర ఉన్నది. అందులో మన తెలుగు నదులకూ, తెలుగు తీరానికీ గణనీయమైన పాలున్నది.

ముందుగా ఒక మాట. దూరప్రయాణానికి కట్టిన తెరచాప పడవలో చుక్కాని పట్టేవాడు కూర్చునే పల్లపు చోటును నావికులు కాక్‌పిట్ అంటారు. ఆ చోటును పూర్తిగా బయలుగా విడిచిపెట్టడం ఒక పద్ధతి. స్తంభాల మీద గట్టి పైకప్పు నిలిపి ప్రక్కలు తెరచి ఉంచడం రెండవది. కప్పుతో పాటు చుట్టూ గోడలు, అద్దాలు, తలుపులు అమర్చి గదిగా చేయడం మూడవది. నేడు సముద్ర విహారానికి పడవ కొనే ధనికులు ఈ మూడింటిలో ఏది మేలని నెలల తరబడి వాదించుకొంటారు. మన పడవవాళ్ళు ఇదే సంగతిని "గూడు" అనే ఒక్క చిన్న మాటతో తేల్చారు. గూడున్న పడవ, గూడులేని పడవ. ఎంత గూడు, ఎటువంటి గూడు అన్నదే మిగిలిన చర్చ.

ఈ విషయం మీద సంస్కృతంలో ఒక గ్రంథం స్పష్టంగా మాట్లాడింది. పదకొండవ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజరాజు పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు అది. 1912లో రాధాకుముద ముఖర్జీ భారతీయ నౌకాచరిత్ర వ్రాసినప్పుడు ఈ గ్రంథంలోని నౌకా ప్రకరణాన్ని లోకం దృష్టికి తెచ్చాడు. అందులో నౌకలను గదుల అమరికను బట్టి మూడు తెగలుగా విభజించారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా గదులే ఉన్నది సర్వమందిర. నడుమ మాత్రమే గది ఉన్నది మధ్యమందిర. ముందు భాగాన గది ఉన్నది అగ్రమందిర. సర్వమందిర రాజకోశాన్ని, గుర్రాలను, స్త్రీలను చేరవేయడానికి. మధ్యమందిర రాజుల విహారానికి, వర్షాకాలానికి. అగ్రమందిర వానలు వెనుకబడిన తరువాత దూరయాత్రకు, యుద్ధానికి.

ఈ విభజనలో మనం గమనించవలసినది ఒకటున్నది. ఏది గొప్పది, ఏది తక్కువది అని గ్రంథకర్త చెప్పలేదు. ఏ ఋతువుకు, ఏ నీటికి, ఏ పనికి అని మాత్రమే చెప్పాడు. అన్నిటికంటె ఎక్కువగా మూసిన నౌకలో ఎక్కించినవి తమంతట తాము దూకి ఈదవలసిన అవసరం లేదని ఆనాటివారు భావించినవి: ధనరాశి, పశువు, అంతఃపురం. పోరాడవలసినవాడికి, దూరం పోవలసినవాడికి మాత్రం వెనుక భాగమంతా బయలుగా విడిచారు. ఇందులో ఆనాటి సమాజం స్త్రీని ఏ జాబితాలో చేర్చిందో కూడా తెలుస్తూనే ఉన్నది. ఆ సంగతికి తరువాత వస్తాను.

మన తీరానికి వస్తే, శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరచాప కొయ్యలతో నౌక కనిపిస్తుంది. క్రీస్తుశకం రెండవ శతాబ్దం నాటికే సముద్రయానం ఇక్కడ రాజముద్రకు ఎక్కదగినంత ఘనమైన విషయమన్నమాట. వెయ్యేండ్లకు పైగా గడచిన పిదప 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. గాలివానకు చెదరి తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసికొనేవారు. తాను ఆ పని చేయననీ, నియతమైన సుంకం మాత్రమే తీసుకొంటాననీ ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజుకు సైతం తూర్పుతీరపు గాలి ఎటువంటిదో తెలుసు.

ఆ తీరంలో మానవులను, సరకులను ఓడల నుంచి ఒడ్డుకు చేర్చినది మసూలా పడవ. మచిలీపట్నం పేరే దానికి వచ్చిందని పలువురి అభిప్రాయం. పలకలను మేకులతో కొట్టక నారత్రాళ్ళతో కుట్టి చేసేవారు. అల విసరి ఇసుకకు కొట్టినా చీలక సాగి సర్దుకొనేది. దానికి గూడు లేదు, తట్టు లేదు, దాచుకొనే మూల లేదు. చెన్నపట్నం దిగిన దొరలు, దొరసానులు నిలువునా తడిసి, ఆ పడవను తిట్టుకొంటూ ఒడ్డెక్కేవారు. కాని కరకట్ట లేని తీరంలో నురగలు కక్కే అలల వరుసను దాటవలసిన పడవకు గూడు పెట్టడం అంటే నీటిని పట్టి ఉంచే తొట్టి కట్టడమే. పడవ తిరగబడితే పట్టుకొని తేలడానికి అంచు కావాలి. పైన కప్పు ఉండరాదు. మత్స్యకారుల తెప్పకు ఈ న్యాయం ఇంకా బాగా వర్తిస్తుంది. నాలుగు దుంగలు కలిపి కట్టిన దానిలో మునగడానికి లోపలి భాగమే లేదు కదా!

గూడు పడవకు నిజమైన వైభవం పట్టింది గోదావరి, కృష్ణా కాలువల మీద. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి అయినది. ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువలు పొలాలకు నీరిచ్చినవని అందరమూ చెప్పుకొంటాము. అవి రోడ్లు లేని మండలానికి రోడ్లు కూడా అయినవన్న సంగతి కొంచెం మరుగున పడింది. కాకినాడ నుంచి డెల్టా కాలువలు, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకొని చెన్నపట్నం దాటి పోయేదాకా నీటి మీదనే సాగే దారి ఏర్పడింది. ఆ దారిని నడిచినవి రాదారి పడవలు. వెదురు బద్దల మీద తాటాకో, చాపో, పలకలో పరచి వంపుగా కప్పిన గూడు. గూటి క్రింద మూటలు, వాటి మీద ప్రయాణికులు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గట్టు వెంట నడుస్తూ తాడు లాగే మనుషులు, లోతు తక్కువైన చోట గడ. సాయంకాలం ఎక్కి, లాకు దగ్గర కాసేపు ఆగి, తెల్లవారేసరికి మరొక ఊరిలో దిగేవారు. పెండ్లివారు, పుష్కరాలకు పోయేవారు, బియ్యపు వర్తకులు, నాటకాల కంపెనీలు అందరూ ఆ గూటి క్రిందనే నిద్రించారు.

ఈ గూడును కాస్త పరిశీలించి చూడండి. అది ఎత్తుగా ఉండేది కాదు. కాలువ మీద వంతెనలు తక్కువ ఎత్తున ఉండేవి కనుక గూడు ఎత్తు పెంచడానికి వీలు లేదు. బరువుగా ఉండేది కాదు, తాటాకు బరువెంత? రెండు కొసలూ తెరిచి ఉండేవి. ముందు భాగమైన అణియము, వెనుక భాగమైన అమరము బయలుగా ఉండి, చుక్కాని పట్టేవాడు అమరం మీద ఎండకు ఎండి వానకు తడిసి పని చేసేవాడు. అతనికి గూడు లేకపోవడం నిర్దయ వల్ల మాత్రమే కాదు. గాలి మారిన సంగతి చెవికి, చెంపకు ముందు తెలుస్తుంది. కంటికి తరువాత తెలుస్తుంది. ఇక ప్రమాదమే వచ్చినా కాలువ లోతు స్వల్పం, గట్టు చేరువ, నీటికి వేగం లేదు. పడవ ఒరిగితే మనిషి రెండు కొసలలో ఏదో ఒక దాని నుంచి బయటపడి లేచి నిలుచోగలడు. అంటే కాలువ పడవ గూడు కాలువకు సరిపోయిన గూడు. ఆ కొలతలు ఏ ఇంజనీరూ కాగితం మీద గీయలేదు. వంతెన, గడ, తాడు, తాటాకు కలిసి గీసినవి.

కాలువ నుంచి ఆనకట్టకు ఎగువన గోదావరి మీదికి వెళ్ళినప్పుడు కథ మారుతుంది. 1850ల నుంచి గోదావరి మీద ఆవిరి పడవలు నడిపి మధ్యపరగణాల ప్రత్తిని సముద్రానికి దించాలని కాటన్, అతని సహచరుడు హేగ్ శ్రమించారు. రాతి అడ్డంకులు, ఖర్చు కలిసి ఆ పథకాన్ని మింగివేయగా 1871లో దానిని విడిచిపెట్టారు. కాని ఎగువ ఊళ్ళకు పడవ తప్ప మరొక దిక్కు లేదు కనుక తరువాతి కాలంలో మోటారు లాంచీలు వచ్చినవి. రాజమహేంద్రవరం నుంచి పోలవరం, కూనవరం, భద్రాచలం దాకా లాంచీ మీద పోయిన తరం మన ఇండ్లలో ఇంకా ఉన్నది. 1973లో బాపు తీసిన అందాల రాముడు చిత్రాన్ని చూచినవారికి ఆ ప్రయాణపు సొగసు వేరుగా వర్ణించనక్కరలేదు. ఈ లాంచీకి కాలువ పడవ గూడే వారసత్వంగా వచ్చింది. కాని తాటాకు పోయి రేకు వచ్చింది. రేకు క్రింద పలక గోడలు, గోడలకు కిటికీలు, తలుపులు వచ్చినవి. కప్పు మీద మరొక అంతస్తు వచ్చింది. అడ్డగించడానికి అక్కడ వంతెన లేదు.

ఆ గూడు ఎటు దారితీసిందో చెప్పడానికి ముందు సముద్రం మీద ఇదే చిక్కును ఎదుర్కొన్న కొందరి సంగతి తెలిసికొనడం మేలు. వారు ఒంటరిగా పోయినవారు కనుక తమ తప్పొప్పులకు తామే మూల్యం చెల్లించారు.

జాషువా స్లోకం 1895 ఏప్రిల్‌లో బోస్టన్ విడిచి 1898 జూన్‌లో అమెరికా తీరం మరల చేరాడు. ఒంటరిగా భూగోళాన్ని పడవ మీద చుట్టివచ్చిన మొదటివాడు ఆయన. ఆయన "స్ప్రే" పొడవు ముప్పది ఏడు అడుగులకు కొంచెం తక్కువ. చక్రం బయలులోనే. ఆయన ఉపాయం మరొకటి: పడవ తనంత తాను తిన్నగా పోయేటట్లు చక్రాన్ని త్రాటితో కట్టి, తాను గదిలో పుస్తకం చదువుకొనేవాడు. ఇంగ్లండుకు చెందిన హాస్లర్ దీనికి తల క్రిందులు చేశాడు. 1960లో ప్లిమత్ నుంచి అట్లాంటిక్ దాటిన మొదటి ఒంటరి పందెంలో ఆయన నడిపిన "జెస్టర్" ఇరువది అయిదు అడుగుల చిన్న పడవ. అందులో కాక్‌పిట్ అనేదే లేదు. పైభాగమంతా మూసివేసి, నడుమ ఒక గుండ్రని రంధ్రం ఉంచి, దానికి పిల్లల బండి టోపీ వంటి గుడ్డ కప్పు అమర్చుకొన్నాడు. తాళ్ళన్నీ ఆ రంధ్రం దగ్గరికే వచ్చేవి. నడుము దాకా బయటికి వచ్చి పని చేసికొని, తిరిగి లోపలికి జారుకొనేవాడు. నలుబది ఎనిమిది రోజులలో న్యూయార్కు చేరి రెండవవాడుగా నిలిచాడు. నలుబది రోజులలో చేరిన చిచెస్టర్‌కు ప్రథమ స్థానం దక్కింది.

ఫ్రెంచి నావికుడు మ్వాతెస్సియే ఇనుప పడవ కట్టించుకొని, లోపల కూర్చుండి చుట్టూ చూడడానికి పైన ఒక బుడగవంటి పారదర్శక గుమ్మటం పెట్టించుకొన్నాడు. 1965, 66 సంవత్సరాలలో భార్యతో కలిసి తాహితి నుంచి హార్న్ అగ్రం మీదుగా స్పెయిన్‌కు ఎక్కడా ఆగక 126 రోజులలో వచ్చాడు. కాని వీరందరిలోకీ మనకు చుట్టరికం ఉన్న పడవ "సుహేలి". అది బొంబాయిలో టేకుతో కట్టిన పడవ. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ దాని మీద 1968 జూన్ 14న బయలుదేరి, ఎక్కడా ఆగక ఒంటరిగా ప్రపంచం చుట్టి, 1969 ఏప్రిల్ 22న ఇంగ్లండు చేరాడు. అంతకుముందు ఎవ్వరూ ఆ పని చేయలేదు. దక్షిణ సముద్రంలో ఒక అల సుహేలిని ప్రక్కకు పడవేసినప్పుడు దాని గది కప్పు తన స్థానం నుంచి కదిలింది. మరొక అల వస్తే కప్పు కప్పుగా ఊడిపోయి పడవకు పెద్ద రంధ్రం మిగులుతుందేమోనని ఆయన భయపడ్డాడు. నీరు బహు బరువైనది; ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను. గట్టి గూడు ఆశ్రయమే. కాని పొట్టుకు గట్టిగా అంటుకొని ఉన్నంత వరకే ఆశ్రయం.

బయలుకు కూడా పరీక్ష జరిగింది. 1979 ఆగస్టులో ఇంగ్లండు, ఐర్లండుల నడుమ జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయలుదేరగా తుపాను చుట్టుముట్టింది. పందెగాళ్ళలో పదిహేనుగురు మరణించారు. ఇరువది నాలుగు పడవలను మనుషులు విడిచిపెట్టారు; వాటిలో మునిగినవి అయిదు మాత్రమే. తక్కినవి ఎవరూ లేకుండా తేలుతూనే ఉన్నవి. లోపల ఉండి తలుపు బిగించుకొన్న పడవ నిలిచింది, బయలులో ఉన్న మనిషిని అల ఊడ్చుకొని పోయింది అని ఆ తరువాత పెద్ద చర్చ సాగింది. మునిగినా మరల లేచి నిలిచేటట్లు అడుగున ఇనుమో సీసమో పోసిన సముద్రపు పడవకు ఈ మాట వర్తిస్తుంది. ఈ షరతును గుర్తుంచుకోవాలి. మన నది పడవకు అడుగున అటువంటి బరువు లేదు. అది తిరగబడితే తిరగబడినట్టే.

భోజుని సర్వమందిరలో స్త్రీలకు ఏ చోటు ఇచ్చారో పైన చెప్పాను. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భారత నౌకాదళానికి చెందిన "తారిణి" అనే తెరచాప నౌక బయలుదేరింది. ఆరుగురు అధికారులు, ఆరుగురూ స్త్రీలే. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇరువురు మనవారు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, మన హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య. ఫ్రిమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్, మారిషస్‌లలో మాత్రమే ఆగి, హార్న్ అగ్రం చుట్టి, 254 రోజుల తరువాత 2018 మే 21న గోవా చేరారు. విశ్రాంతికి క్రింద గదులున్నా, చక్రం పట్టే వంతు వచ్చినవారు బయట గాలిలోనే నిలువవలసి వచ్చేది. దక్షిణ పసిఫిక్‌లో గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలిని, మంచును, ఇండ్లంత ఎత్తైన అలలను ఆ బయలులో నిలిచి, నడుముకు తాడు కట్టుకొని ఎదుర్కొన్నారు. సముద్రం లేని మన నగరం నుంచి ఒక యువతి అక్కడ చుక్కాని పట్టడం మనం తరచుగా చెప్పుకోవలసిన విషయం. క్రికెట్టు ఆటకు ఇచ్చే స్థలంలో పదవ వంతైనా దీనికి ఇవ్వకపోవడం నాకు వింతగానే తోస్తుంది.

ఇక మన నదికి తిరిగి వద్దాము. గూడు పెరిగిన కొద్దీ పడవకు రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి బరువు పైకి పోవడం. 1746లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ బూగే తన నౌకాగ్రంథంలో పడవ ఒరిగినప్పుడు మరల నిలువగలుగుతుందా లేదా అని లెక్క కట్టే బిందువును నిర్వచించాడు. పడవ గరిమనాభి ఆ బిందువుకు క్రింద ఉన్నంత సేపూ పడవ నిలుస్తుంది. రెండవ అంతస్తు, దాని మీద కుర్చీలు, వాటి మీద యాభై మంది మనుషులు, వారంతా కొండలను చూడడానికి ఒకే ప్రక్కకు రావడం, ఇవన్నీ ఆ గరిమనాభిని పైకి, ప్రక్కకు లాగుతాయి.

రెండవ ఇబ్బంది గాలి. పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న గోడ పడవ ప్రక్కన ఉన్నదనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల గాలి దానిని సుమారు 120 కిలోల బరువుతో తోస్తుంది. గాలి వేగం రెండింతలై 72 కిలోమీటర్లకు వస్తే తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది; దాదాపు అర టన్ను. తెరచాప పడవవాడు ఇటువంటి గాలి వస్తే చాప దించుకొంటాడు. గోడను దించడం ఎవరి తరమూ కాదు. ప్రక్కలు తెరచిన కప్పుకు ఈ బాధ చాలా తక్కువ. గాలి దూరి అవతలికి పోతుంది.

పాపికొండల నడుమ గోదావరి ఇరుకై, లోతై, మలుపులు తిరుగుతూ పోతుంది. వేసవి సాయంకాలాలలో గాలివాన ఆ కొండల సందున హఠాత్తుగా వచ్చి పడుతుంది. 2018 మే 15న కొండమొదలు వైపు నుంచి రాజమహేంద్రవరం వస్తున్న లాంచీ మంటూరు, వాడపల్లి గ్రామాల దగ్గర అటువంటి గాలికి చిక్కింది. ప్రయాణికులలో పెక్కుమంది కొండ గ్రామాల గిరిజనులు. జల్లు లోపలికి కొడుతున్నదని తలుపులు, కిటికీలు మూసుకొన్నారు. మనలో ఎవరమైనా చేసే పని అదే. వాన వస్తే కిటికీ మూస్తాము. మూసిన కిటికీలతో ఆ లాంచీ ఒక పెద్ద చాప అయినది. అది ఒరిగి మునిగినప్పుడు బయట ఉన్నవారిలో కొందరు ఈది ఒడ్డు చేరారు. లోపలివారికి దారి దొరకలేదు. మరునాడు లాంచీని పైకి తీసినప్పుడు మృతదేహాలు ఆ గదిలోనే ఉన్నవి.

తరువాతి సంవత్సరం 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరద మీద ఉన్నది. గండి పోచమ్మ ఆలయం దగ్గర నుంచి పాపికొండలకు బయలుదేరిన "రాయల్ వశిష్ఠ" అనే రెండంతస్తుల విహార నౌక కచ్చులూరు దగ్గర సుడిలో ఒరిగి మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది బ్రతికారు. మృతులలో హైదరాబాదు నుంచి, వరంగల్లు ప్రక్కన ఉన్న కడిపికొండ నుంచి వెళ్ళినవారు అనేకులు. మన వీధులలో ఆ వారం ఏ ఇంట ఏ వార్త వచ్చిందో చాలామందికి జ్ఞాపకం ఉన్నది. బ్రతికినవారిని నీటి నుంచి తీసినది తూటుగుంట గ్రామస్థులు. వారు వచ్చినవి గూడు లేని నాటు పడవల మీద. నౌక అక్టోబరు 22 దాకా నది అడుగుననే ఉండిపోయింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగరులు, ఇనుప త్రాళ్ళు వేసి రోజుల తరబడి శ్రమించి దానిని పైకి లాగింది. లోపలి భాగంలో అప్పటికీ దేహాలు చిక్కుకొని ఉన్నవి.

మూసిన గది మనిషిని ఎలా పట్టి ఉంచుతుందో తెలిసికోవాలి. పడవ తిరగబడితే కప్పు నేల అవుతుంది, నేల కప్పు అవుతుంది. తలుపు ఏ వైపున ఉన్నదో చీకటిలో తెలియదు. వెలుపల ఒక మీటరు లోతు నీరు ఉండి లోపల ఇంకా గాలి ఉంటే, సాధారణమైన తలుపు మీద పడే ఒత్తిడి బహు ఎక్కువ. దానిని నీటి వైపుకు తోయడం పహిల్వానుకైనా సాధ్యం కాదు. ఇక మనలను కాపాడుతుందని తొడుక్కొన్న ప్రాణరక్షక చొక్కా గది లోపల వేరే పని చేస్తుంది. అది మనిషిని పైకి ఎత్తి పడవ అడుగు చెక్కకు అదిమి ఉంచుతుంది. బయటపడాలంటే ఒక మునక వేసి తలుపు క్రింద నుంచి రావాలి, చొక్కా మునగనివ్వదు. బయలులో కూర్చున్నవానికి ఇదే చొక్కా ప్రాణదాత.

ఆ తరువాత ప్రభుత్వం పడవలను ఆపివేసి, నది వెంబడి నియంత్రణ కేంద్రాలు తలపెట్టింది. 2021లో పాపికొండల విహారం మరల మొదలైనది. అదే సంవత్సరం పార్లమెంటు 1917 నాటి పాత చట్టం స్థానంలో దేశీయ జలమార్గాల నౌకల చట్టాన్ని తెచ్చింది. నమోదు, పరీక్ష, సిబ్బంది అర్హత వంటివి అందులో ఉన్నవి. చట్టం మంచిదే. గది తలుపు లోపలికి తెరుచుకొంటున్నదా, బయటికి తెరుచుకొంటున్నదా, దాని ముందు ఐసుపెట్టె పెట్టారా అన్నది మాత్రం ఆ ఉదయం ఆ రేవులో చూడవలసిన విషయం.

నా అభిప్రాయం చెప్పమంటే చెప్పుతాను. మన ఎండకు పైకప్పు కావలసిందే. ఏప్రిల్ మాసపు గోదావరి మీద కప్పు లేని పడవలో నాలుగు గంటలు కూర్చోమనడం శిక్ష. ఇప్పుడు కొత్తగా కట్టే సముద్రపు పడవలలో గట్టి కప్పు మీద సౌరఫలకాలు పరచి దీపాలకు, శీతల పేటికకు విద్యుత్తు తీసుకొంటున్నారు, అదీ బాగున్నది. గోడలే నాకు నచ్చవు. వాన జల్లు ఆపడానికి టార్పాలిన్ తెర చాలు. చుట్టి పైన కట్టిన తెరను ఒక ముడి లాగితే దింపవచ్చు, గాలి పెరిగితే మరల చుట్టవచ్చు, అవసరమైతే తల దూర్చి బయటికి పోవచ్చు. చల్లదనపు యంత్రం కోసం అద్దాలు బిగించిన క్రింది గది నది మీద అక్కరలేని భోగం. నది మీద గాలికి లోటేమిటి? ఇక సరంగు కూర్చునే చోటు ఎంత ఎత్తున, ఎంత తెరపిగా ఉంటే అంత మంచిది. వెనుకటి చుక్కానివాడి వలె ఎండలో మాడనక్కరలేదు. కాని గాలి అతని చెంపకు తగలాలి.

మన హుస్సేన్‌సాగరం మీద ఏటేటా వర్షాకాలంలో తెరచాప పందేలు జరుగుతాయి. సైనిక శిక్షణ సంస్థల వారు, క్లబ్బుల వారు నడిపే లేజర్ పడవలు తెల్లని రెక్కలతో తేలిపోవడం ట్యాంకుబండు మీద నుంచి చూడవచ్చు. నాలుగు మీటర్లకు కొంచెం ఎక్కువ పొడవున్న ఆ పడవకు ఒకటే చాప, ఒకడే మనిషి, కాళ్ళు పెట్టుకొనే చిన్న గుంట. పదిహేనేండ్ల లోపు పిల్లలకు ఇంకా చిన్నదైన ఆప్టిమిస్ట్ ఉన్నది. రెండుంపావు మీటర్ల డబ్బా వంటి పడవ. 1947లో అమెరికాలోని ఫ్లారిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల శిల్పి దానిని రూపొందించాడు. ఇటువంటి పడవలకు గూడు పెట్టాలన్న ఊహ ఎవరికీ రాలేదు. వాటి మీద నేర్చుకొనే పిల్లలకు చాప ఎత్తడం కంటె ముందు ఒక పాఠం చెప్పుతారు. ఒడ్డుకు దగ్గరగా, గురువు ప్రక్క పడవలో ఉండగా, తన పడవను తానే కావాలని తిరగవేయాలి. మునిగి, పైకి వచ్చి, పడవ అడుగున ఉన్న పలకను పట్టుకొని బరువు వేసి, దానిని నిలబెట్టి, లోపలి నీరు తోడి, మళ్ళీ ఎక్కి కూర్చోవాలి. మొదటి రోజున చాలామంది పిల్లలు ఏడుస్తారు. రెండవ రోజున ఇంకోసారి తిరగవేస్తామని అడుగుతారు.